కాలితో ఆడే సాకర్ వీడియో గేమ్: గోదావరి జిల్లాల ఇళ్లకు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, నరసాపురం వైపు ఇళ్లలో మోషన్ కంట్రోల్ సాకర్, అంటే ఒంటి కదలికతో ఆడే ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఆడేవాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో సగానికి పైగా గేమ్‌లో ఉండవు. గదిలో, గచ్చులో, కరెంటులో, గాలిలోని చెమ్మలో ఉంటాయి. అందుకే ఇక్కడి జవాబుల్లో ఆట మెళకువలతో పాటు ఇంటి సంగతులూ ఎక్కువే ఉన్నాయి.

నిజంగా కాలు ఊపితే బంతి కదిలే గేమ్ ఏది?

ఇప్పుడు తేలిగ్గా ఆడగలిగేది నింటెండో కంపెనీ గేమ్ మెషీన్ 'స్విచ్' మీద ఆడే నింటెండో స్విచ్ స్పోర్ట్స్. 2022 ఏప్రిల్ 29న వచ్చింది. అందులో సాకర్ ఒక ఆట. జాయ్‌కాన్ అనే చిన్న కంట్రోలర్‌ను కాలి పట్టీతో తొడకు కట్టుకుని తన్నవచ్చు, లేదా రెండు చేతుల్లో రెండు పట్టుకుని చేయి విసిరి తన్నించవచ్చు. గేమ్ వచ్చిన కొత్తలో కాలి పట్టీ షూటౌట్‌లో, అంటే పరుగు లేకుండా గోల్‌కు తన్నడమే ఉండే ఆటలో మాత్రమే పనిచేసేది. అదే ఏడాది జులైలో వచ్చిన అప్‌డేట్‌తో మామూలు మ్యాచ్‌లకూ వచ్చింది. "నా గేమ్‌లో ఆ ఆప్షన్ కనబడట్లేదు" అనేవాళ్లు ముందు గేమ్‌ను అప్‌డేట్ చేసి చూడాలి.

పాతవాటిలో నింటెండో పాత గేమ్ మెషీన్ వీ (Wii)కు వచ్చిన ప్రో ఎవల్యూషన్ సాకర్ 2008 ఉంది. రిమోట్‌ను తెర మీదికి చూపి ఆటగాణ్ణి లాగడం, ఎడమ చేతిలోని నన్‌చక్ అనే రెండో కంట్రోలర్‌ను విదిలించి షాట్ కొట్టడం దాని పద్ధతి. 2010లో ఎక్స్‌బాక్స్ 360 కైనెక్ట్‌తో వచ్చిన కైనెక్ట్ స్పోర్ట్స్‌లో చేతిలో ఏమీ ఉండదు, కెమెరా మీ కాలినే చూస్తుంది. వీ మెషీన్‌దే మరో గేమ్ వీ ఫిట్‌లో దానితో వచ్చే బోర్డు మీద నిలబడి అటూ ఇటూ ఒరుగుతూ బంతులను తలతో కొట్టే చిన్న ఆట ఉంది. మధ్యలో ఎగిరొచ్చే బూట్లను తప్పించుకోవాలి. పిల్లలకు అది ఇప్పటికీ మంచి కాలక్షేపం.

ఈఏ ఎఫ్‌సీ, ఈఫుట్‌బాల్ వంటి పేరున్న ఫుట్‌బాల్ గేమ్‌లు ఇలా ఆడలేమా?

ఆడలేం. అవి కంట్రోలర్ మీద బొటనవేలితో తిప్పే స్టిక్, బటన్లతో ఆడేవి. కాలు ఊపినా వాటికి తెలియదు.

డిజిటల్‌గా కొంటే కాలి పట్టీ వస్తుందా?

రాదు. పెట్టెలో వచ్చే కార్ట్రిడ్జ్ ఎడిషన్‌తోనే పట్టీ ఇస్తారు. రింగ్ ఫిట్ అడ్వెంచర్ అనే వ్యాయామపు గేమ్‌తో వచ్చిన పట్టీ ఇంట్లో ఉంటే అదే సరిపోతుంది, వేరే కొనక్కర్లేదు. ఎవరి దగ్గరైనా సెకండ్‌హ్యాండ్ కొంటున్నప్పుడు పట్టీ ఉందో లేదో అడిగి, వెల్‌క్రో గట్టిగా పట్టుకుంటోందో లేదో చేత్తో లాగి చూసి తీసుకోండి. మన చెమటకు ముందు పాడయ్యేది వెల్‌క్రోనే.

ఎంత చోటు కావాలి?

టీవీకి 6 నుంచి 8 అడుగుల దూరంలో నిలబడాలి. ఆ నిలబడ్డ చోటు నుంచి ముందుకు 4 అడుగులు, వెనక్కి 3, పక్కలకు మూడేసి అడుగులు ఖాళీగా ఉండాలి. వెనక ఎందుకంటే, ఊపు కోసం కాలు వెనక్కి తీసినప్పుడు మడమ మంచం కోడుకు తగిలే దెబ్బలే ఎక్కువ. ముందున్న టీపాయ్‌ని అందరూ జరుపుతారు, వెనకున్న మంచాన్ని మర్చిపోతారు. గడప దగ్గర నిలబడి ఆడకండి. మండువా ఇళ్లలో అయితే నడిమి వాకిలి అంచుకు వీపు పెట్టి ఆడకూడదు. ఆట వేడిలో ఒక్కో తన్నుకు ఒక్కో అంగుళం వెనక్కి జరుగుతారు, ఆ సంగతి ఆడేవాళ్లకు తెలియదు. నిలబడే చోట గచ్చు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి పెట్టండి. పాదం దాన్ని దాటిందని పక్కనున్నవాళ్లు చెబితే చాలు.

సీలింగ్ ఫ్యాన్ కింద చేతులతో ఆడే పద్ధతి వద్దు. బంతిని పైకి లేపడానికి కుడిచేయి కింది నుంచి పైకి విసరాలి. అటక ఉన్న గదుల్లో, తక్కువ ఎత్తు స్లాబుల్లో పొడుగువాళ్ల చేయి రెక్కలకు అందుతుంది. ఫ్యాన్ ఆపి పెడెస్టల్ ఫ్యాన్ పక్కన పెట్టుకోండి.

గచ్చు మీద జారుతున్నాం. చాప వేసుకోవచ్చా?

చాప వేయొద్దు. ఈత చాపైనా ప్లాస్టిక్ చాపైనా టైల్స్ మీద మనతో సహా జారుతుంది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు విసిరే ఆట ఇది, నిలబడ్డ కాలు కదిలితే వెల్లకిలా పడతారు. మేజోళ్లు కూడా వద్దు. వట్టి కాళ్లతో ఆడటం, లేదా కింద రబ్బరు ఉన్న యోగా మ్యాట్ వేసుకోవడం మంచిది.

వానాకాలంలో ఇంకో ఇబ్బంది. ముసురు పట్టిన రోజున మన వైపు గచ్చు చెమ్మగిల్లుతుంది. చూపుకు పొడిగానే ఉంటుంది, అరికాలు పెడితే తడి తెలుస్తుంది. పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ పది నిమిషాలు తిప్పి మొదలుపెట్టండి. ఆటకు ఆటకు మధ్య చెమట చుక్కలు పడ్డ చోట మళ్లీ తుడవాలి.

పట్టీ ఎక్కడ, ఎలా కట్టాలి?

మోకాలి చిప్పకు సుమారు జానెడు పైన, తొడ ముందు భాగంలో. జాయ్‌కాన్‌ను ఏ వైపు తిప్పి పెట్టాలో, ఏది ఏ కాలికో తెర మీద బొమ్మ చూపిస్తుంది, అలాగే పెట్టండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత బిగువు చాలు. అంతకంటే బిగిస్తే కాలు తిమ్మిరెక్కుతుంది. వదులైతే నాలుగు తన్నులకే పట్టీ తొడ పక్కకు తిరిగిపోతుంది. అప్పుడు మీరు ఎదురుగా తన్నింది గేమ్‌కు పక్కకు తన్నినట్టు కనిపిస్తుంది. "మొదట బాగానే ఉంది, తర్వాత బంతి పక్కలకు పోతోంది" అనే ఫిర్యాదుకు చాలావరకు కారణం ఇదే. సెన్సర్‌ను అనుమానించే ముందు తొడ వైపు చూడండి.

లుంగీ మీద, పంచె మీద, చుడీదార్ టాప్ మీద కట్టకండి. గుడ్డ జారి దానితో పాటు పట్టీ తిరుగుతుంది. నిక్కరు, ట్రాక్ ప్యాంటు, బిగువుగా ఉండే లెగ్గింగ్స్ అయితే ఇబ్బంది లేదు. చర్మం మీద నేరుగా కడితే చెమటకు ఒరుసుకుని ఎర్రబడుతుంది, మధ్యలో ఒక పొర నూలు బట్ట ఉండాలి.

గట్టిగా తన్నుతున్నాను. బంతి మెల్లగా పోతోంది, ఒక్కోసారి అసలు కదలట్లేదు. ఎందుకు?

ఇది అన్నిటికంటే ఎక్కువ వచ్చే ప్రశ్న. మైదానంలో బాగా ఫుట్‌బాల్ ఆడేవాళ్లకే ఎక్కువ వస్తుంది.

కారణం సూటిగా చెప్పాలంటే, కంట్రోలర్ ఉన్నది తొడకు, పాదానికి కాదు. జాయ్‌కాన్ లోపల రెండు సెన్సర్లున్నాయి. యాక్సెలెరోమీటర్ కుదుపును కొలుస్తుంది, గైరోస్కోప్ తిరిగే వేగాన్ని కొలుస్తుంది. తొడ తుంటి దగ్గర నుంచి ఎంత చురుగ్గా పైకి లేచిందన్నదే ఆ రెండింటికీ తెలిసేది. మైదానంలో ఆడి అలవాటైనవాళ్లు తొడను కొంచెమే కదిపి, మోకాలి కింద భాగాన్ని కొరడాలా విసురుతారు. నిజం బంతికి ఆ బలం అందుతుంది. గేమ్‌కు అందదు. పాదం ఎంత వేగంగా పోయినా తొడ నిలబడి ఉంటే సెన్సర్‌కు అక్కడేమీ జరగనట్టే.

దీన్ని సరిచేసుకోవడానికి గేమ్ లేకుండా ముందు ఇలా చేసి చూడండి. ఒక కుర్చీ వీపు పట్టుకుని నిలబడండి. నిలబడ్డ కాలి మోకాలు కొద్దిగా వంచండి. తన్నే కాలిని ఒక అడుగు వెనక్కి తీసి, మోకాలిని ముందుకు, పైకి ఒక్క కుదుపున తెచ్చి ఆపండి. ఆపడమే కీలకం. తొడ సగం దాకా లేస్తే చాలు, గుండెల దాకా రానక్కర్లేదు. కాలిని దింపడం మెల్లగా జరగాలి. ఎత్తిన ఊపులోనే కిందికి కొడితే ఆ తిరుగు కదలికను కూడా సెన్సర్ చదువుతుంది, వెంటనే వచ్చే రెండో తన్ను గందరగోళమవుతుంది. పదిసార్లు ఇలా చేశాక కుర్చీ వదిలి షూటౌట్ మొదలుపెట్టండి.

ఇంకో అలవాటు మానుకోవాలి. బంతి వచ్చేదాకా ఖాళీగా ఉండలేక కాలు ఊపుతూ ఉంటారు. గేమ్‌కు ప్రతి ఊపూ ఒక తన్నే. బంతి రాకముందే తన్నేసి, వచ్చినప్పుడు చూస్తూ నిలబడతారు. రెండు పాదాలూ నేల మీద ఆనించి, కదలకుండా ఎదురుచూడండి.

షూటౌట్‌లో మొదట గోల్స్ సులభంగా పడి తర్వాత కష్టమవుతోంది. నేను అలసిపోతున్నానా?

అలసట కొంత ఉండొచ్చు గానీ, గేమ్ పద్ధతే అంత. గోల్ కొట్టినకొద్దీ మీ గోల్‌పోస్టు ఇరుకవుతుంది. తప్పితే మళ్లీ వెడల్పవుతుంది. ఇరుకైనప్పుడు బలం పెంచడం పొరపాటు. అదే ఊపు ఉంచి, బంతి మీ ఎదుటికి దిగే క్షణం మీదే కన్ను పెట్టండి.

మామూలు మ్యాచ్‌లో కాలితో ఆడాలా, చేతులతోనా?

గెలవాలనుకుంటే చేతులు. మ్యాచ్‌లో పరుగెత్తడం ఎడమ చేతి స్టిక్‌తో చేయాలి, దాని వెనకున్న జడ్ఎల్ బటన్‌తో వేగం పెంచాలి. వేగం వాడినకొద్దీ దమ్ము తరిగిపోతుంది, కాసేపు వదిలితే తిరిగి నిండుతుంది. చేతి పద్ధతిలో కుడి జాయ్‌కాన్‌ను ఏ దిక్కుకు విసిరితే బంతి ఆ దిక్కుకు వెళుతుంది. రెండింటినీ ఒకేసారి కిందికి విసిరితే ముందుకు దూకి తలతో కొడతాడు. ఈ సన్నపు పనులకు మణికట్టు తొడకంటే చురుకు. ఒళ్లు వంచి ఆడాలి, నవ్వుకోవాలి అనుకుంటే కాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు షూటౌట్‌తోనే మొదలుపెట్టాలన్నది మా గట్టి అభిప్రాయం. అక్కడ పరుగు లేదు, తన్ను ఒక్కటే నేర్చుకోవచ్చు.

సరిగ్గా సమయానికే తన్నుతున్నా ఆలస్యంగా పడుతోంది. తప్పు నాదా, టీవీదా?

తేల్చుకోవడం తేలిక. స్విచ్‌ను డాక్ (దాన్ని టీవీకి కలిపే పీఠం) నుంచి తీసి, వెనకున్న మడత స్టాండు తెరిచి బల్ల మీద నిలబెట్టి, దాని సొంత తెర మీద ఆడండి. అక్కడ తన్ను సమయానికి పడితే తప్పు టీవీది. టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్‌ను గేమ్ మోడ్‌కు మార్చండి. కదలికను నునుపు చేసే మోషన్ ఆప్షన్లన్నీ ఆపేయండి. కొత్త టీవీలు బొమ్మను అందంగా చేయడానికి ప్రతి ఫ్రేమునూ కాసేపు ఆపుకుంటాయి, ఆ ఆలస్యమే మీకు తగిలేది. చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ సాకెట్‌కు సెట్టింగ్ వేరుగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు ఉన్న సాకెట్‌లో మార్చి స్విచ్‌కు మారలేదని అనుకోకండి.

చిన్న తెర మీద కూడా ఆలస్యంగానే పడితే మీరు బంతి ఎదుటికి వచ్చాక చూసి తన్నుతున్నారన్నమాట. బంతి వచ్చే దారిని చూసి కాస్త ముందుగా కదలాలి.

జాయ్‌కాన్ మధ్యమధ్యలో తెగిపోతోంది.

స్విచ్‌కూ జాయ్‌కాన్‌కూ మధ్య బ్లూటూత్, అంటే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. దానికి అడ్డాలు మన హాల్లోనే ఉంటాయి: ఇనుప బీరువా, టీవీ వెనకభాగం, చేపల తొట్టి, పక్కనే పెట్టిన వైఫై రౌటర్. డాక్‌ను టీవీ వెనక నుంచి తీసి ముందుకు పెట్టండి. రౌటర్‌కు 3, 4 అడుగుల దూరం ఉంచండి. చేపల తొట్టిని ఎందుకు చెప్పామంటే, నీళ్లు ఆ రేడియోను బాగా మింగేస్తాయి. తొడకు కట్టినప్పుడు మన ఒళ్లూ కొంత అడ్డమే, అందుకే చేతిలో తెగనిది కాలికి కడితే తెగవచ్చు. స్విచ్‌కు ఎదురుగా నిలబడితే చాలావరకు కుదురుతుంది. అప్పటికీ కుదరకపోతే జాయ్‌కాన్ పక్కనున్న చిన్న సింక్ బటన్‌ను ఒకసారి నొక్కి, మళ్లీ ఏదైనా బటన్ నొక్కి లేపండి.

తెర మీది ఆటగాడు దానంతటదే ఒక పక్కకు నడుస్తున్నాడు.

ఇది కాలి సెన్సర్‌ది కాదు, స్టిక్ అరిగిన గుర్తు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్లు, సెన్సర్ల విభాగంలో స్టిక్ క్యాలిబ్రేషన్ (కొలత సరిచేయడం) చేసి చూడండి. కుదరకపోతే స్టిక్ మార్చడమే. బయటి స్క్రూలకు మూడు రెక్కల స్క్రూడ్రైవర్ కావాలి, లోపలివాటికి చిన్న స్టార్ సరిపోతుంది. మొబైల్ బాగుచేసే చేయి తిరిగిన కుర్రాడు చేయగలిగిన పనే, కానీ లోపలి రిబ్బన్ తీగలు చాలా సున్నితమని ముందే చెప్పండి. మారుస్తున్నప్పుడు అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేయించుకుంటే రాపిడితో అరిగే బాధ తప్పుతుంది.

తన్నులు వంకరగా పోతుంటే మాత్రం అదే విభాగంలో మోషన్ క్యాలిబ్రేషన్ చేయాలి. జాయ్‌కాన్‌ను స్విచ్ నుంచి విడదీసి, మట్టంగా ఉన్న బల్ల మీద పెట్టి, తెర చెప్పినట్టు ప్లస్ లేదా మైనస్ బటన్ నొక్కి పట్టుకోవాలి. పరుపు మీద, ఒళ్లో పెట్టి చేస్తే ఉన్నదీ చెడుతుంది.

మణికట్టు పట్టీ ఇరుక్కుపోయింది, రావట్లేదు.

తిరగేసి ఎక్కించారు. పట్టీ మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. ప్లస్ గుర్తున్నది ప్లస్ బటన్ ఉన్న జాయ్‌కాన్‌కే, బటన్ ఉన్న వైపే గుర్తు వచ్చేలా ఎక్కించాలి. ఇరుక్కుంటే కింది లాక్ తీసి, రెండు బొటనవేళ్లతో నిలువుగా తోయండి. పక్కకు వంచితే పట్టాలు విరుగుతాయి.

మా వాళ్లు అమెరికా నుంచి వీ తెచ్చారు, ప్లగ్‌లో పెట్టగానే పోయింది. స్విచ్ కూడా అలాగే పోతుందా?

పోదు. స్విచ్ అసలు అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటుంది. మన 230 వోల్టులకు పనిచేస్తుంది, పిన్ను మార్చే ప్లగ్ ఉంటే చాలు. అమెరికా వీ అడాప్టర్ 120 వోల్టులకే చేసింది, పిన్ను మార్చి పెడితే కాలుతుంది. సాధారణంగా పోయేది అడాప్టరే. 12 వోల్టులు, 3.7 ఆంపియర్లు ఇచ్చే వీ అడాప్టర్ ఇక్కడి కరెంటుకు సరిపోయేది దొరికితే మెషీన్ బతికి ఉండే అవకాశం ఎక్కువ. ఇంకా ప్లగ్‌లో పెట్టనివాళ్లు 100 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడవచ్చు. డిస్కులు కూడా అమెరికావే కొనాలి. వీకి ప్రాంతం తాళం ఉంది, అంటే ఒక ప్రాంతపు మెషీన్‌లో ఆ ప్రాంతపు డిస్కులే ఆడతాయి. స్విచ్‌కు అది లేదు.

స్విచ్ డాక్‌కు మాత్రం ఫోన్ ఛార్జరు పెట్టకండి. దానికి 15 వోల్టులు, 2.6 ఆంపియర్లు కావాలి, అందకపోతే టీవీకి బొమ్మ రాదు.

వీ రిమోట్ బాణం గుర్తు సాయంత్రం పూట పిచ్చిగా ఎగురుతోంది. పగలు బాగానే ఉంటుంది.

టీవీ దగ్గర దేవుడి గూడు ఉందా? రిమోట్ ముందున్న చిన్న కెమెరా టీవీ పైనున్న సెన్సర్ బార్‌లోని రెండు ఇన్‌ఫ్రారెడ్ కాంతి గుంపులను చూసి తను ఎటు తిరిగి ఉందో లెక్కగడుతుంది. దీపపు వత్తి కూడా అదే కాంతిని వెదజల్లుతుంది. రిమోట్‌కు మూడో చుక్క కనబడి తికమక పడుతుంది. కార్తీకమాసంలో ఇది ఎక్కువ. దీపాన్ని కదపక్కర్లేదు, రిమోట్‌కూ దానికీ మధ్య ఒక అట్టముక్క అడ్డం పెడితే చాలు, మంటకు దూరంగా. పగలైతే ఎదురు కిటికీలోంచి పడే ఎండ ఇదే పని చేస్తుంది. స్విచ్ స్పోర్ట్స్ సాకర్‌కు ఈ బాధ లేదు.

కైనెక్ట్ అమ్మ కాళ్లను గుర్తుపట్టట్లేదు.

చీర కుచ్చెళ్లలో, లుంగీలో రెండు కాళ్లు ఒకే ముద్దగా కనబడతాయి. కాళ్ల ఆకారం విడిగా కనబడే బట్టలు వేసుకోవాలి. ఒక్కరికి 6 అడుగులు, ఇద్దరికి 8 అడుగుల దూరం తప్పనిసరి.

మే నెలలో ఆడుతుంటే స్విచ్ మరీ వేడెక్కుతోంది.

నింటెండో చెప్పిన వాడకపు ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మన వేసవిలో మధ్యాహ్నం గది దాన్ని దాటుతుంది. పొద్దున్నే గానీ, చీకటి పడ్డాక గానీ ఆడండి. డాక్‌ను అద్దాల షోకేసులో పెట్టి, పైన కుట్టుపని గుడ్డ కప్పే అలవాటు ఉంటే వెంటనే తీసేయండి. వేడి గాలి పై అంచు నుంచే బయటికి పోవాలి.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఆడొచ్చా?

ఆడొచ్చు. స్విచ్, 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ కలిపి ఒక సీలింగ్ ఫ్యాన్ కంటే పెద్ద భారం కాదు. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ బాగుంటే ఫ్యాన్, లైటుతో కలిపి నాలుగైదు గంటలు లాగుతుంది. ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ అయితే మంచిది. కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడు మాత్రం డాక్ ప్లగ్ తీసి, సొంత తెర మీద ఆడుకోండి. ఉరుములప్పుడు ప్లగ్‌తో పాటు హెచ్‌డీఎంఐ తీగ కూడా తీయాలి, కేబుల్ ద్వారా వచ్చిన పిడుగు దెబ్బ టీవీ నుంచి ఇటు పాకుతుంది.

సంక్రాంతికి ఇల్లంతా జనం. అందరూ ఆడాలంటే ఎన్ని జాయ్‌కాన్‌లు కావాలి?

చేతులతో ఆడే మ్యాచ్‌కు ఒక్కొక్కరికి జత కావాలి, స్విచ్ పెట్టెలో వచ్చేది ఒక జతే. షూటౌట్‌కు కాలికి కట్టిన ఒక్కటి చాలు. కాబట్టి పండగ జనానికి షూటౌటే సరైనది: ఒకే పట్టీ, వంతులవారీగా. బావగార్లూ మరదళ్లూ జట్లు కట్టి మనిషికి ఐదు తన్నులు చొప్పున లెక్క రాసుకోండి. పట్టీ మార్చుకునేటప్పుడు పొడి తువ్వాలుతో తుడవండి. భోజనం చేసి గంటైనా కాకుండా ఎవరినీ లేపకండి, అరిసెలు తిన్న వెంటనే అసలే వద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కుర్చీలో కూర్చుని తొడ ఎత్తే పద్ధతి ఉంది. సెన్సర్ తొడ కదలికనే చదువుతుంది కాబట్టి కూర్చుని కూడా గోల్స్ పడతాయి.

స్విచ్ 2 కొంటే ఇవన్నీ పనికొస్తాయా?

గేమ్ ఆడుతుంది. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 జాయ్‌కాన్‌లు పాతవాటికంటే పెద్దవి, పాత కాలి పట్టీలో పట్టవు. పాత జాయ్‌కాన్‌ను స్విచ్ 2కు జతచేసి పట్టీలో పెట్టాలి. పక్కన తగిలించి ఛార్జ్ చేయడం మాత్రం కుదరదు, ఛార్జింగ్ గ్రిప్ విడిగా ఉండాలి. అందుకని పాత స్విచ్ అమ్మేసేటప్పుడు ఒక జత జాయ్‌కాన్‌లు మీ దగ్గరే ఉంచుకోండి.

తుఫానుల కాలంలో నెలల తరబడి ఆడం. ఎలా దాచాలి?

బాగా ఛార్జ్ చేసి, పొడిగుడ్డతో చెమట మరకలు తుడిచి, మూత బిగువుగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. అంతర్వేది, నరసాపురం వంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి జాయ్‌కాన్ పట్టాల్లోని లోహపు కాంటాక్టులు పాడవుతాయి, అక్కడ డబ్బా తప్పదు. పట్టీని ఉతికి నీడలో పూర్తిగా ఆరాకే వేరే సంచిలో పెట్టాలి, కంట్రోలర్లతో కలిపి కాదు. ఆరు నెలలకొకసారైనా తీసి ఛార్జ్ చేయకపోతే బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు. ఏసీ గదిలోంచి తీసినదాన్ని వెంటనే వరండాలోకి తెచ్చి ఆన్ చేయకండి. చల్లటి ప్లాస్టిక్ మీద చెమ్మ పట్టి లోపలికి దిగుతుంది, అరగంట అలా వదిలేసి మొదలుపెట్టండి.